సున్నిపిండితో నల్ల మచ్చలు: తిరుపతిలో ఒక ఇంటి తయారీ కేసు

తిరుపతిలో ఇంటి దగ్గర సున్నిపిండి చేసి అమ్మే ఒకామె కేసు ఇది. ఆమె సరేనన్నాకే రాస్తున్నాను. పేరు, బ్రాండు, కొన్నవాళ్ల వివరాలు తీసేశాను. నేను ఫార్మసీ చదివి, కొన్నాళ్లు కాస్మెటిక్స్ ఫార్ములేషన్‌లో పనిచేశాను. ఇప్పుడు ఇలాంటి చిన్న తయారీదారులకు దినుసులు, నిల్వ, లేబుల్, లైసెన్స్ విషయాల్లో సలహా చెబుతుంటాను. చర్మానికి వైద్యం చెయ్యడం నా పని కాదు. కాబట్టి పిండి ఎక్కడ తేడా కొట్టింది, దాన్ని ఎలా పట్టుకున్నాం, ఏం మార్చాం, అంతవరకే ఇక్కడ రాస్తాను.

వచ్చిన కంప్లయింట్

ఆమె అత్తగారి దగ్గర నేర్చుకున్న పద్ధతిలో మొదట బంధువులకు, తర్వాత అపార్ట్‌మెంట్‌లో వాళ్లకు, ఆ తర్వాత వాట్సాప్‌లో చిత్తూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి దాకా అమ్మింది. చాలాకాలం ఒక్క మాట పడలేదు. వేసవి మొదలయ్యాక వరసగా ఫోన్లు మొదలయ్యాయి. చిత్తూరు నుంచి ఒకామె పెట్టిన వాయిస్ మెసేజ్ నాకు వినిపించింది: "పిండి పెట్టుకున్న రెండో దినం మెడ కాడ మంట పుడతా ఉండాది అక్కా, ఆనక నల్లగా పట్టేస్తా ఉండాది. ముందు బాగనే ఉండె కదా, ఇప్పుడేం కలిపినావు?"

మొత్తం ఆరుగురు. వాళ్లలో ఐదుగురి ఫోటోలు చూస్తే దురదతో లేచిన దద్దుర్లలా లేవు. ఎండకు కమిలినట్టు ఎర్రబడి, తర్వాత గోధుమ రంగులోంచి నలుపులోకి తిరిగిన మరకలు. ఒకరికి ముంజేతి మీద చిన్న బొబ్బ కూడా లేచింది. ఇంకో సంగతి, నల్లబడిందని వీళ్లలో ముగ్గురు అదే పిండిని ఇంకా ఎక్కువ పట్టించారు. ఒకరైతే నిమ్మరసం కలిపి మరీ రుద్దారు. మచ్చలు పోవడానికే కదా సున్నిపిండి అన్నది వాళ్ల లెక్క. ఆ లెక్కలో వాళ్ల తప్పేమీ లేదు, ప్యాకెట్ మీద రాసింది కూడా అదే.

మొదటి రెండు అనుమానాలు

ఆమె మొదటి అనుమానం మర మీద. తన పిండికి ముందు ఎవరో మిరపకాయలు పట్టించి ఉంటారని గట్టిగా నమ్మింది. ఇది కొట్టిపారేసే అనుమానం కాదు. సున్నిపిండి చేసేవాళ్లలో చాలామందికి ఈ అనుభవం ఉంటుంది. కారానికి వేరే మిషన్ ఉన్నా, రద్దీ రోజున ఏది ఖాళీగా ఉంటే దాంట్లో పోసేస్తారు. రాళ్ల సందుల్లో ఇరుక్కున్న కారం తర్వాతి పిండిలోకి దిగుతుంది. కానీ కారం మంట అయితే పూసిన కొద్ది నిమిషాల్లోనే తెలిసిపోతుంది, రెండో రోజు దాకా ఆగదు. పైగా ఆమె అప్పటికే మర మార్చేసింది, కొత్త మరలో పట్టించిన బ్యాచ్‌కూ అదే కంప్లయింట్ వచ్చింది. దాంతో మర సంగతి పక్కన పెట్టేశాం.

రెండోది పసుపు. మార్కెట్ పసుపులో మెటానిల్ యెల్లో అనే రంగు కలిపే అవకాశం ఉంది. నీళ్లలో కలిపిన పసుపులో కొన్ని చుక్కల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే గులాబీ రంగు వచ్చి, ఇంకొన్ని నీళ్లు పోసినా ఆ రంగు అలాగే నిలిస్తే అనుమానించాలి. ఇక్కడ అలా నిలవలేదు. మెరుపు కోసం కలిపే లెడ్ క్రోమేట్ మాత్రం ఇంట్లో తేలే విషయం కాదు, దానికి ల్యాబే దిక్కు. శాంపిల్ పంపాం. పరిమితి లోపలే ఉందని రిపోర్ట్ వచ్చింది. ఈ తనిఖీలో ఒకటి బయటపడింది. ఆమె కస్తూరి పసుపు అని కొంటున్నది కస్తూరి పసుపు కాదు. అసలైనది లోపల లేత రంగులో ఉండి, కర్పూరం లాంటి వాసన కొడుతుంది, ఒంటికి పచ్చగా అంటుకోదు. ఆమె దగ్గరున్నది వేళ్లకు పట్టి మర్నాటి దాకా పోవడం లేదు. ఈ మోసం ఊళ్లల్లో మామూలే. కానీ ఈ మచ్చలకు అది కారణం కాదు.

ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు

దినుసులు చూడటం ఆపి మనుషుల్ని అడగడం మొదలుపెట్టాక దారి దొరికింది. కంప్లయింట్ చేసిన ఆరుగురితో పాటు, అదే బ్యాచ్ కొని ఏ ఇబ్బందీ లేనివాళ్లను కూడా కొందరిని ఆమె చేత ఫోన్ చేయించి కలిశాను. నా దృష్టిలో ఈ రెండో పనే ముఖ్యం. ఇబ్బంది పడ్డవాళ్లనే అడిగితే అందరూ ఒకే పిండి వాడారని మాత్రమే తెలుస్తుంది.

నాలుగు ప్రశ్నలు అడిగాను. ఏ వేళలో పెట్టుకుంటారు? ఎంతసేపు ఉంచుతారు? దేంతో కలుపుతారు? కడిగాక ఎక్కడికి వెళ్తారు?

ఇబ్బంది లేనివాళ్లలో ఒక పెద్దాయన, ఆయన భార్య ఉన్నారు. శనివారం తెల్లవారకముందే తలంటుకుని, నలుగు పెట్టుకుని, వెంటనే కడిగేసుకుంటారు. తర్వాత పూజ, ఇల్లు. ఎండ మొహం చూసేది సాయంత్రమే. ఇంకొకామె నర్సు, నెల మొత్తం నైట్ డ్యూటీ. మధ్యాహ్నం నిద్ర లేచి మొహానికి పెరుగుతో ప్యాక్ వేసుకుని, చీకటి పడ్డాక ఆస్పత్రికి వెళ్తుంది. దాదాపు రోజూ వాడుతోంది, ఒక్క మచ్చ లేదు.

ఇబ్బంది పడ్డ ఆరుగురిలో ఐదుగురి కథ వేరు. అందరూ పొద్దున్నే, ఇరవై నిమిషాల నుంచి అరగంట దాకా ప్యాక్‌లా ఉంచుకుని, కడుక్కుని బయటికి వెళ్లేవాళ్లు. ఒకరు శ్రీవారి మెట్టు మీదుగా కొండెక్కిన రోజునే పెట్టుకున్నారు. ఇద్దరు స్కూటీ మీద ఆఫీసుకు వెళ్తారు. ఈ ఇద్దరి ఫోటోలే కేసును తేల్చాయి. మన దగ్గర అమ్మాయిలు బండి నడిపేటప్పుడు మొహానికి చున్నీ చుట్టుకుంటారు కదా. వీళ్లు పిండి పెట్టుకుంది మొహం, మెడ, చేతులు అన్నిటికీ. మచ్చలు వచ్చింది మాత్రం నుదుటి మీద చున్నీకి పైన మిగిలిన పట్టీకి, రెండు చేతుల పైభాగానికి. చున్నీ కింద బుగ్గలు, గడ్డం మామూలుగా ఉన్నాయి. జాకెట్టు చెయ్యి ఆగిన చోట గీత గీసినట్టు మచ్చ ఆగింది.

పిండి ఒక్కటే అయితే బుగ్గలు కూడా నల్లబడాలి. ఎండ ఒక్కటే అయితే వీళ్లు ఏళ్లుగా అదే ఎండలో అదే బండి మీద తిరుగుతున్నారు. రెండూ కలిసిన చోటే మచ్చ పడింది. మొక్కల్లోని కొన్ని పదార్థాలు ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే వచ్చే ఈ బాధను ఫైటోఫోటోడెర్మటైటిస్ అంటారు. సాధారణంగా ఒక రోజు తర్వాత మంట, ఎరుపు మొదలై రెండు మూడు రోజులకు ముదురుతుంది. మచ్చ వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి ఉంటుంది. మధ్యలో ఆ ఒకటి రెండు రోజుల ఎడం ఉండటం వల్లే ఎవరూ దీన్ని ఎండతో కలిపి చూడరు.

ఆమె డబ్బాల్లో దొరికింది

అప్పుడు ఫార్ములా కాగితం తెమ్మన్నాను. పది కిలోల బ్యాచ్‌కు ఆమె లెక్క ఇది: పెసలు 4 కిలోలు, శనగపప్పు 2 కిలోలు, బియ్యం 1 కిలో, కస్తూరి పసుపు 500 గ్రాములు, ఎండు గులాబీ రేకులు 500, వట్టివేర్లు 250, తుంగముస్తలు 250, కచ్చూరాలు 250, ఎండు నిమ్మతొక్కలు 250, బావంచాలు 500, కార్పోగరిసి 500.

చివరి రెండు దినుసుల డబ్బాలు తెప్పించి, రెండింటి నుంచి గింజలు తీసి తెల్ల పళ్లెంలో పక్కపక్కన పోశాను. అదే నలుపు, అదే మూత్రపిండం ఆకారం, పైన అవే చిన్న చిన్న గుంటలు. నలిపితే ముక్కుకు అదే ఘాటు. కాసేపు చూసి ఆమే అంది, "ఇవి రెండూ ఒకటే కదా మేడం!" ఒకటేనే. అత్తగారి జాబితాలో ఉన్న బావంచాలు తిరుపతిలో కొన్నది. కార్పోగరిసి అనేది దాని తమిళ పేరు, వేలూరులో ఉండే ఆడపడుచు ఇచ్చిన నలంగు మావు (తమిళుల సున్నిపిండి) జాబితాలోది, కాట్పాడి దగ్గర మూలికల కొట్టులో కొన్నది. రెండు జాబితాలూ కలిపి ఒకటి చేసినప్పుడు ఒకే గింజ రెండుసార్లు పడింది. ఎస్వీ యూనివర్సిటీలో బోటనీ చెప్పే మిత్రుడికి కూడా చూపించి నిర్ధారించుకున్నాను. ఆయుర్వేదంలో బాకుచి అనేది ఇదే, సోరాలియా కొరిలిఫోలియా.

ఈ గింజలో సోరాలెన్, ఐసోసోరాలెన్ అనే పదార్థాలు ఉంటాయి. ఎండలోని యూవీ-ఏ కిరణాలు తగిలినప్పుడు సోరాలెన్ చర్మ కణాల డీఎన్‌ఏకు అతుక్కుంటుంది. కణాలు దెబ్బతింటాయి, వాపు వస్తుంది, ఆ తర్వాత చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువగా తయారవుతుంది. ఈ గుణాన్నే వైద్యంలో వాడుకుంటారు. బొల్లికి, సోరియాసిస్‌కు ఇచ్చే పూవా చికిత్సలో సోరాలెన్ ఇచ్చి, యూవీ-ఏ కిరణాలను కొలిచి మరీ పెడతారు. అక్కడ రంగు రావాలనే ఇస్తారు. రంగు తగ్గాలని కొన్న పిండిలోనూ అదే గింజ ఉంది.

నిమ్మతొక్కలోనూ ఇదే జాతి పదార్థాలు ఉంటాయి. నిమ్మరసం చేతుల మీద పడి, ఎండలో పనిచేసిన వాళ్లకు ఇలాంటి మచ్చలు రావడం చర్మ డాక్టర్లకు బాగా తెలిసిన సంగతి. అంటే ఆమె పిండిలో ఎండతో కలిసి కాల్చే దినుసులు రెండు ఉన్నాయి. వాడేవాళ్లు నిమ్మరసం కలిపితే ఇంకా పెరుగుతుంది.

ఆమెకు కళ్లకు కట్టినట్టు చూపించాలని ఒక పని చేశాను. ఒక్కో దినుసును కొంచెం నూరి, విడివిడిగా గాజు గ్లాసుల్లో సర్జికల్ స్పిరిట్‌లో గంటసేపు నానబెట్టాం. తర్వాత చీకటి గదిలో, నోట్లు పరీక్షించే 365 నానోమీటర్ల యూవీ టార్చ్ వేశాం. బావంచాల గ్లాసు నీలంగా వెలిగింది. వేలూరు ప్యాకెట్ గ్లాసు కూడా అచ్చం అలాగే వెలిగింది. నిమ్మతొక్కలో అదే నీలం, కాస్త తక్కువ. పసుపు ఆకుపచ్చ కలిసిన పచ్చగా మెరిసింది. మిగతావి ఇంత గట్టిగా మెరవలేదు. ఇది రుజువు కాదు, మొక్కల్లో మెరిసే పదార్థాలు ఇంకా చాలా ఉంటాయి. సోరాలెన్ ఎంత ఉందో తేల్చాలంటే ల్యాబ్‌లో హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష చెయ్యాల్సిందే. కానీ ఆ మూడు గ్లాసులు చూశాక మర గురించి ఆమె మళ్లీ ఎత్తలేదు.

అత్తగారి పిడికెడు

"మా అత్తమ్మ నలభై ఏళ్లుగా బావంచాలు వేస్తా ఉంది, ఎవరికీ ఏం కాలేదే?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. అత్తగారి జాబితాలో గ్రాములు లేవు, "పిడికెడు" అనే ఉంది. ఆవిణ్ని పిలిచి, మామూలుగా ఎంత వేస్తారో అంత తీయమని త్రాసులో పోయించాం. 35 గ్రాములు. మూడు కిలోల పిండికి అంతే వేసేవారట. అంటే ఒక శాతం పైచిలుకు. కోడలి బ్యాచ్‌లో అది పది శాతం.

మోతాదు ఒక్కటే మారలేదు. అత్తగారి కాలంలో సున్నిపిండి అంటే నూనె రాసుకున్నాక నలుగు పెట్టి, వెంటనే నీళ్లు పోసేసుకునేది. వారానికి ఒకసారి, పండగలకు, పెళ్లికి ముందు. ఇప్పుడు అదే పిండి ఫేస్ ప్యాక్ అయింది. రోజూ, అరగంట, బయటికి వెళ్లబోయే ముందు. జాబితా పాతదే, వాడకం పూర్తిగా కొత్తది. "పూర్వం నుంచి వాడుతున్నదే కదా" అని ఎవరైనా నాతో అన్నప్పుడు, పూర్వం ఎంతసేపు ఉంచుకునేవారు, ఆ తర్వాత ఎక్కడికి వెళ్లేవారు అని అడుగుతాను.

మోతాదు పెరగడానికి ఇంకో కారణం కూడా ఉంది. బాకుచియోల్ సీరమ్‌లు ఈ మధ్య బాగా అమ్ముతున్నారు. రెటినాల్‌లా ముడతలు తగ్గిస్తుంది, కానీ సున్నితం అని ప్రచారం. బాకుచియోల్ వచ్చేది బాకుచి నుంచే కాబట్టి బావంచాలు ఎక్కువ వేస్తే ఫలితం ఎక్కువని ఆమె అనుకుంది. సీరమ్‌లో వాడేది శుద్ధి చేసి, సోరాలెన్‌ను వేరు చేసిన బాకుచియోల్. గింజ మొత్తం పొడి చేస్తే రెండూ ఉంటాయి. ఒంటికి పూసుకునే దినుసుల్లో ఇంత నష్టం చేసే గందరగోళం నాకు ఇంకొకటి కనబడలేదు.

ప్యాచ్ టెస్ట్ గురించి కూడా చెప్పాలి. ఆమె ప్యాకెట్ మీద "ముందుగా మోచేతి లోపలి వైపు రాసి చూసుకోండి" అని ఉంది. అందరూ చేసుకున్నారు, అందరికీ బాగానే వచ్చింది. మోచేతి లోపలి మడత మీద ఎండ పడేది తక్కువ. పైగా ఇంట్లోనే రాసుకుని చూస్తారు. ఎండతో కలిస్తేనే కనబడే బాధ ఇలాంటి టెస్ట్‌లో బయటపడదు. "నా చేతి మీద రాసుకుని ఎండలో నిలబడి చూస్తా మేడం" అందామె. వద్దే వద్దన్నాను. తిరుపతి వేసవి మధ్యాహ్నం ఎండలో సోరాలెన్‌తో ప్రయోగం చేస్తే కాలిన గాయాలు మిగులుతాయి. అలాంటి పరీక్ష కావాలంటే కిరణాలను కొలిచి చేసే ఫోటోప్యాచ్ టెస్ట్ ఉంది, అది చర్మ డాక్టరు చేతిలో పని.

ఏం చేశాం

అమ్మకం అదే రోజు ఆపించాను. మిగిలిన ప్యాకెట్లను "రాత్రి మాత్రమే వాడాలి" అని స్టిక్కర్ వేసి అమ్ముదామంది. ఒప్పుకోలేదు. స్టిక్కర్ చదివేవాళ్లు ఎందరు? రాత్రి పూసుకుని, సరిగ్గా కడగకుండా పొద్దున్నే బండెక్కేవాళ్లు ఎందరు? కొన్న వాళ్లందరికీ మెసేజ్ పెట్టి, డబ్బు వెనక్కిచ్చి, దొరికినంత పిండి తిరిగి తీసుకుంది. ఆ నెల ఆమెకు నష్టమే.

మచ్చలు వచ్చిన వాళ్లను చర్మ డాక్టర్ల దగ్గరికి వెళ్లమన్నాం. బొబ్బ వచ్చినామె రుయా ఆస్పత్రిలో చూపించుకుంది. చెప్పిన జాగ్రత్తలు దాదాపు అందరికీ ఒకటే. రుద్దడం ఆపాలి, ఎండ తగలనివ్వకూడదు, బయటికి వెళ్తే ఎస్‌పీఎఫ్ 30 లేదా పైన ఉన్న సన్‌స్క్రీన్ రాసుకోవాలి, మచ్చ దానంతట అది పోయేదాకా ఓపిక పట్టాలి. నా వైపు నుంచి గట్టిగా చెప్పింది ఒక్కటే. మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్ కలిపిన తెల్లబరిచే క్రీములు మొహానికి రాయొద్దని. మన దగ్గర మంగు మచ్చ కనబడగానే చేసే మొదటి పని అదే. అవి మొదట్లో బాగున్నట్టే ఉండి, తర్వాత చర్మాన్ని పలచబరుస్తాయి.

కొత్త ఫార్ములాలో బావంచాలు, నిమ్మతొక్క పూర్తిగా తీసేశాం. ఒక శాతమైనా ఉంచుదామని అత్తగారు అడిగారు. ఇంట్లో వాడకానికి మీ ఇష్టం, అమ్మే ప్యాకెట్‌లో మాత్రం వద్దన్నాను. కొన్నామె ఎంతసేపు ఉంచుకుంటుందో మనకు తెలియదు. పది కిలోలకు పెసలు 5 కిలోలు చేశాం, తంగేడు పూలు 250 గ్రాములు చేర్చాం. శనగపప్పు, బియ్యం, పసుపు, గులాబీ, వట్టివేర్లు, తుంగముస్తలు, కచ్చూరాలు పాత లెక్కే. తంగేడు మన చుట్టుపక్కల గుట్టల్లో కావలసినంత. రోడ్డు పక్కన కోసింది కాకుండా లోపలి నుంచి తెచ్చింది వాడమన్నాను.

మరలో ముందు రెండు కిలోల బియ్యం పట్టించి, ఆ పిండి పక్కన పెట్టి, ఆ తర్వాతే సున్నిపిండి దినుసులు పోయమన్నాను. ఆ బియ్యప్పిండి ముగ్గుకు పనికొస్తుంది. ఇదివరకు వంటింటి జల్లెడతో జల్లించేది. అందులో బియ్యం పలుకులు, వట్టివేళ్ల పీచు దిగిపోయి మొహం మీద గీరుకునేవి. ఇప్పుడు 100 మెష్ జల్లెడ, అంటే రమారమి 150 మైక్రాన్ల కన్నాలు. మిగిలిన రవ్వను ఒంటికి నలుగుగా విడిగా ఉంచుతోంది.

తడి సంగతి వేరే కథ. తిరుపతిలో అసలు వాన ఈశాన్య రుతుపవనాలదే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ రోజుల్లో నీడన ఆరబెట్టిన గులాబీ రేకులు చేతికి గలగలలాడినా లోపల చెమ్మ ఉంటుంది. కార్తీకంలో చేసిన బ్యాచ్‌లో ఒక డబ్బా మూత దగ్గర బూజు వాసన వచ్చిందని మాటల్లో బయటపడింది. ఇప్పుడు ప్రతి బ్యాచ్ నుంచి 10 గ్రాములు తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గనంత వరకు ఎండబెట్టి మళ్లీ తూస్తుంది. తగ్గిన బరువే తేమ. 8 శాతం దాటితే ఆ బ్యాచ్ ప్యాక్ చెయ్యదు, మళ్లీ ఆరబెడుతుంది. పొడిగా ఉన్నంతకాలం ఈ పిండికి ప్రిజర్వేటివ్ అవసరం లేదు, సూక్ష్మజీవులు పెరగడానికి కావలసిన నీరు అందులో ఉండదు.

అందుకే ఆమె మొదలుపెట్టబోయిన "రెడీ పేస్ట్" కూడా ఆపించాను. సున్నిపిండిని రోజ్ వాటర్‌తో కలిపి చిన్న డబ్బాల్లో అమ్మాలని ఆలోచన. ట్రయల్‌కు చేసిన డబ్బాల మూతలు నాలుగో రోజుకే ఉబ్బాయి. పప్పుల పిండి, నీళ్లు, తిరుపతి వేడి కలిస్తే దోసెల పిండి పులిసినట్టే పులుస్తుంది. నీళ్లున్న ఏ వస్తువుకైనా సరైన ప్రిజర్వేటివ్ ఉండాలి, అది పనిచేస్తోందని ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి. "కెమికల్ ఫ్రీ" అని రాసుకోవాలని అది లేకుండా చేసిన కలబంద జెల్‌లు ఈ ఊళ్లోనే ఎన్నో చూస్తున్నాను. ఫ్రిజ్‌లో పెట్టుకోమని చెప్పి అమ్మేస్తారు.

లేబుల్, లైసెన్స్

పాత లేబుల్ మీద "మొటిమలు, మంగు మచ్చలు, బొల్లి పోగొడుతుంది" అని ఉంది. జబ్బు నయం చేస్తుందని రాస్తే అది కాస్మెటిక్ కాదు, మందు కిందికి వస్తుంది, దానికి ఆయుష్ లైసెన్స్ కావాలి. "స్నానానికి, చర్మాన్ని శుభ్రపరచడానికి" అని మాత్రమే రాస్తే కాస్మెటిక్. అమ్మకానికి తయారు చేసేవాళ్లకు 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, కాస్మెటిక్స్ రూల్స్ 2020 కింద రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ నుంచి లైసెన్స్ ఉండాలి. మేం చేసేది మూలికలే కదా, మాకెందుకు అనే మాట చెల్లదు. వంటింట్లో చేస్తూ ఆ లైసెన్స్ తెచ్చుకోవడం అయ్యే పని కాదు. ఆమెలాంటి వాళ్లకు లోన్ లైసెన్స్ దారి ఉంది. ఫార్ములా మనది, తయారీ అప్పటికే లైసెన్స్ ఉన్న యూనిట్‌లో. దానికి దరఖాస్తు ఫారం సీఓఎస్-6. పెట్టుబడి తక్కువ, కానీ కనీసం ఇంత బ్యాచ్ చెయ్యాలని యూనిట్‌వాళ్లు పట్టుబడతారు. ప్రస్తుతం ఆమె ఆ బేరంలోనే ఉంది. అప్పటిదాకా అమ్మకం ఆపి, ఇంట్లోవాళ్లకు, ఊరికే ఇవ్వడానికి మాత్రమే చేస్తోంది.

తిరుపతి కాబట్టి ఎర్రచందనం గురించి అడగని కస్టమర్ ఉండడు. ఆమె కూడా ఎర్రచందనం ప్యాక్ పెడదామనుకుంది. శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లో తప్ప సహజంగా పెరగని చెట్టు అది, ముప్పులో ఉన్న జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైట్స్ అనుబంధం-2లో ఉన్న జాతి. అటవీ శాఖ వేలంలో కొన్న సరుకు నుంచి వచ్చిందనే బిల్లు లేకుండా ఎవరు పొడి ఇచ్చినా తీసుకోవద్దన్నాను. "తెలిసినాయన తక్కువకిస్తానన్నాడు" అంది. ఆ తక్కువ ధరే చెబుతోంది అది ఎక్కడిదో.

ఇప్పటి పరిస్థితి

ఐదుగురిలో నలుగురికి ఎరుపు, మంట త్వరగానే తగ్గాయి. నల్ల మరకలు మెల్లగా పలచబడుతున్నాయి. నిమ్మరసంతో రుద్దుకున్నామెకు మాత్రం మెడ మీద ఇంకా స్పష్టంగానే ఉంది. పాత కస్టమర్లకు ఊరికే ఇచ్చిన కొత్త పిండి ప్యాకెట్లతో, వాళ్లు పొద్దున పెట్టుకుని ఎండలోకి వెళ్లినా, ఇంతవరకు అలాంటి మచ్చలు రాలేదు. ఇందులో పొగడ్త కన్నా ఫిర్యాదే ఎక్కువ వినబడింది, ముఖ్యంగా పెద్దవాళ్ల దగ్గర. "ఆ ఘాటు లేదేందమ్మా, ఇది శనగపిండి మాదిరే ఉంది" అని. ఆ ఘాటు బావంచాలదే. వట్టివేర్లు ఇంకాస్త పెంచుదామా అని ఆలోచిస్తున్నాం.

ఆరో మనిషి సంగతి తేలలేదు. ఆయన పగలంతా ఇంట్లోనే ఉండే పెద్దమనిషి, రేణిగుంట వైపు. ఆయనకు వచ్చింది దురద, చిన్న పొక్కులు. పిండి తగిలిన చోటల్లా వచ్చాయి, చొక్కా కింద వీపు మీద కూడా. ఎండకు, దీనికి సంబంధం కనబడటం లేదు. పసుపో, ఇంకేదైనా మూలికో పడక వచ్చిన అలర్జీ అయ్యుండొచ్చు, చర్మ డాక్టరు ప్యాచ్ టెస్ట్ రాశారు. పసుపు లేకుండా అర కిలో చేసివ్వమని ఆయన ఫోన్ చేశారట. రిపోర్ట్ వచ్చేదాకా ఏదీ ఇవ్వొద్దని ఆమెకు చెప్పాను.